రిప్లీ దగ్గరి పాత ఇంటి సొరంగం కథ నిజమేనా? ఎలా తేల్చాలి?

ప్రశ్న:
అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని బ్రౌన్ కౌంటీలో, రిప్లీ ఊరికి దగ్గర్లో ఒక పాత ఇటుక ఇల్లుంది. కెంటకీ నుంచి ఒహైయో నది దాటి పారిపోయి వచ్చిన బానిసలను దాని నేలమాళిగ సొరంగంలో దాచేవారని ఊళ్లో చెబుతారు. కట్టింది 1840లో అని కౌంటీ వెబ్‌సైట్లో ఉంది. స్థానిక చరిత్ర పేజీలో పెట్టే ముందు ఏమేం చూడాలి? తెలిసినవారు చెప్పండి.

జవాబు 1:
సొరంగం సంగతి చివర్న చూద్దామండీ. ముందు ఇంటి వయసు తేలాలి. వెబ్‌సైట్లోని సంవత్సరం చాలాసార్లు పన్ను కోసం వేసిన అంచనా మాత్రమే.

జార్జ్‌టౌన్‌లో కౌంటీ రికార్డర్ ఆఫీసుకు వెళ్లి ఇప్పటి యజమాని దస్తావేజు తీయండి. అందులో అమ్మినవారి పేరు పట్టుకుని కొనుగోలుదారుల సూచికలో వెతికితే అంతకు ముందరి దస్తావేజు దొరుకుతుంది. అలా వెనక్కి వెళ్లాలి. మధ్యలో వరస తెగితే ఆస్తి వారసత్వంగా వచ్చి ఉంటుంది. వారసత్వ వ్యవహారాలు చూసే ప్రొబేట్ కోర్టులో వీలునామా చూడండి. ఈ కౌంటీ ఏర్పడిందే 1818లో, కాబట్టి అంతకు ముందరి కాగితాలు ఆడమ్స్, క్లెర్మాంట్ కౌంటీల్లో ఉంటాయి. పైగా ఇది వర్జీనియా రాష్ట్రం తన సైనికులకు ఇవ్వడానికి కేటాయించుకున్న వర్జీనియా మిలిటరీ డిస్ట్రిక్ట్ భూమి. హద్దులు చెట్టు, రాయి, వాగు గుర్తులతో రాసి ఉంటాయి. సర్వే నంబరు రాసుకోకపోతే పక్క పొలం వెంట పడిపోతారు.

దస్తావేజు ఇంటి గురించి చెప్పకపోవచ్చు. పన్ను రిజిస్టర్లు ఏడాదివారీగా చూసి, విలువ ఒక్కసారిగా ఎక్కడ పెరిగిందో గుర్తించండి. ఇరుగుపొరుగువారివీ అదే ఏడాది పెరిగి ఉంటే అది కొత్త ఇల్లు కాదు, అందరికీ జరిగిన పునర్‌మూల్యాంకనం.

జవాబు 2:
యజమానుల పేర్లు వచ్చాక 1850 జనాభా లెక్క తీయండి. ఇంట్లోని స్వేచ్ఛాజీవులందరి పేర్లూ, పుట్టిన రాష్ట్రాలూ నమోదైన మొదటి లెక్క అదే. ఆ ఒక్క ఇంటితో ఆగకుండా ముందు వెనక పేజీలు కూడా చదవండి, నల్లజాతి కుటుంబాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. వర్జీనియాలో బానిసల యజమాని అయిన శామ్యూల్ గిస్ట్ వీలునామాతో విడుదలైనవారు 1819లో ఈ కౌంటీలోనే స్థిరపడ్డారు. పారిపోయి వచ్చినవారికి చాలాచోట్ల మొదట తలుపు తీసింది నల్లజాతివారే. ఊళ్లో చెప్పే కథల్లో మాత్రం తెల్ల యజమాని పేరొక్కటే మిగులుతుంది. మీ పేజీలో ఆ అన్యాయం జరగనివ్వకండి.

పారిపోయినవారికి సాయం చేయడం గురించి సీబర్ట్ అనే ఆచార్యుడు 1890ల నుంచి సేకరించిన ఉత్తరాలు, జ్ఞాపకాలు ఒహైయో హిస్టరీ కనెక్షన్ అనే రాష్ట్ర చరిత్ర సంస్థలో కౌంటీలవారీగా ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చదవొచ్చు. అవి దశాబ్దాల తర్వాత చెప్పిన మాటలు. ఒక ఇంటి పేరు ఇద్దరు విడివిడిగా చెప్పి ఉంటే బలం ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఆనాటి కాగితం ఒక్కటైనా దొరికే ఆశ ఉందా?

జవాబు 2:
పారిపోయినవారికి సాయం చేసినవారి డైరీల్లో తక్కువే. పారిపోయిన బానిసల గురించి చేసిన 1850 చట్టం ప్రకారం దాచినవారికి వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. రిప్లీలో ఇనుప ఫౌండ్రీ నడిపిన జాన్ పార్కర్ తాను సాయం చేసినవారి వివరాలు రాసుకున్న పుస్తకాన్ని తన కొలిమిలోనే తగలబెట్టాడు. అందుకే నష్టపోయామన్న బానిస యజమానుల కాగితాలు వెతకాలి. అవి నది అవతల ఉన్నాయి. బ్రౌన్ కౌంటీలోని సార్డీనియాకు చెందిన జాన్ మాహన్‌పై, బానిసలు పారిపోవడానికి సాయం చేశాడన్న ఆరోపణతో 1838లో విచారణ జరిగింది కెంటకీలోని మేసన్ కౌంటీ కోర్టులో. ఆ కౌంటీ కోర్టు పుస్తకాలు, అక్కడి మేస్‌విల్ ఊరి పత్రికల్లోని పారిపోయినవారి ప్రకటనలు చూడండి. పత్రికల స్కాన్లలో అక్షరాలు తప్పుగా చదవబడతాయి కాబట్టి, మనిషి పేరుతో కాకుండా ‘రనవే’, ‘రివార్డ్’ లాంటి మాటలతో, ఏడాది పరిధి పెట్టి వెతకాలి. 1850, 1860 జనాభా లెక్కల్లోని బానిసల జాబితాల్లో యజమాని పేరే ఉంటుంది. బానిసలకు సాధారణంగా పేరు ఉండదు, వయసు, లింగం, రంగు లాంటి వివరాలే ఉంటాయి. ప్రకటనలోని వయసుతో పోల్చితే పొంతన కుదరొచ్చు, రుజువు మాత్రం కాదు.

జవాబు 1:
ఇక సొరంగం. ఇలా చెప్పేవాటిలో ఎక్కువ భాగం నీటితొట్టెలు, మురుగు కాలువలు, బొగ్గు దింపే దారులు, కూరగాయలు నిల్వ చేసే గదులుగా తేలుతాయి. ఎటు వెళ్తుందో కొలిచి, గోడ ఇటుకా సున్నమూ ఇంటి పునాదితో సరిపోలుతున్నాయో ఫొటోలు తీయండి. సొంతంగా తవ్వకండి, గోడ కూలే ప్రమాదం ఉంది. అటకలో, కొట్టంలో, మొక్కజొన్న చేలో దాచడానికి సొరంగం అక్కర్లేదు. పారిపోయేవారికి బొంత కుట్లతో రహస్య సంకేతాలు ఇచ్చేవారని చెప్పే కథకు ఆనాటి సాక్ష్యం లేదు, దాన్ని పేజీలో పెట్టొద్దు.