పింఛను పంచడానికి అయ్యే ఖర్చు దండగేనా?

గోదారి గట్టు:
పార్టీల గొడవ పక్కన పెట్టి లెక్క మాట్లాడుకుందాం. ఆంధ్రాలో 2019 ఆగస్టు నుంచి 2024 దాకా 50 ఇళ్లకో వాలంటీరు ఉండేవాడు, పింఛను ఇంటికి తెచ్చివ్వడం అతని పనుల్లో ఒకటి. రమారమి రెండున్నర లక్షల మంది, మనిషికి నెలకు 5,000 గౌరవ వేతనం. అంటే ఏడాదికి 1,500 కోట్లు. ఇవి కాక గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా పర్మినెంటు ఉద్యోగులు. 2024 జూలై 1న వాలంటీర్లు లేకుండానే ఆ ఉద్యోగులు ఇంటింటికీ తిరిగి పింఛను ఇచ్చారు. 3,000 నుంచి పెరిగిన 4,000కి మూడు నెలల పెంపు బాకీ కలిపి 7,000. మొదటి రోజే చాలావరకు అయిపోయింది. మరి అన్నేళ్లూ 1,500 కోట్లు ఎందుకు పోసినట్టు? రూపాయిలో 15 పైసలే జనానికి చేరుతున్నాయని రాజీవ్ గాంధీ 1985లోనే అన్నాడు. వడ్డించేవాడే సగం తినేస్తే బంతిలో కూర్చున్నవాడికి ఏం మిగులుతుంది?

పాత గుమాస్తా:
గట్టు గారూ, సగం ఎక్కడండీ? కాగితం పెన్ను తీయండి. 65 లక్షల మందికి పెంపుకి ముందున్న 3,000 చొప్పున నెలకు 1,950 కోట్లు, ఏడాదికి 23,400 కోట్లు. అందులో 1,500 కోట్లంటే 6 శాతం పైచిలుకు. ఉపాధి హామీ పనుల్లో నిర్వహణకు కేంద్రం అప్పట్లో పెట్టిన పరిమితి కూడా 6 శాతమే. పైగా వాలంటీరు పింఛనొక్కటే ఇచ్చాడా? సర్వేలు, సర్టిఫికెట్లు, కరోనాలో ఇంటింటి ఆరా, అన్నీ అతని నెత్తినే. మొత్తం పింఛను ఖాతాలో రాస్తే ఎలా?

ఇక ఆ 15 పైసల మాట. జీతాలు వేరు, దొంగతనం వేరు. రెండూ ఒక మూటలో కట్టి "85 పోతోంది" అంటే దొంగ హాయిగా తప్పించుకుంటాడు, గుమాస్తాకి చీవాట్లు. (నేను గుమాస్తాగానే రిటైరయ్యాను, కాస్త పక్షపాతం ఉంటే సర్దుకోండి.)

బొబ్బిలి కుర్రోడు:
మీరిద్దరూ సర్కారు జేబు చూస్తున్నారు. నేను మా నాయనమ్మ జేబు చెప్తాను. 2024లో నాలుగు రకాలుగా పింఛను తీసుకుంది. మార్చిలో వాలంటీరు అమ్మాయి పొద్దున్నే అరుగు మీదికొచ్చి ఇచ్చింది. ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం వాలంటీర్లను వద్దంది, సచివాలయం దగ్గర ఎండలో నిలబడింది. మేలో డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది. ఖర్చు లేని పద్ధతి ఇదే అంటారు కదా? ఆవిడ ఖాతా ఎన్నాళ్లుగానో వాడక మూలపడి ఉంది. మొదటి రోజు వెళ్తే ఆధార్ జిరాక్స్ తెమ్మన్నారు. రెండోరోజు మళ్లీ ఆటో. రెండు రోజుల ఆటో, జిరాక్స్, ఇద్దరికీ టిఫిన్ కలిపి 240 అయింది. తోడు వెళ్లిన నాకు రెండు రోజుల కూలి పోయింది, అది లెక్కలో కలపలేదు.

3,000కి 240 అంటే 8 శాతం. సర్కారు పుస్తకంలో మాత్రం సున్నా. జూలైలో సచివాలయం వాళ్లు ఇంటికొచ్చారు, మంచిదే.

గోదారి గట్టు:
తమ్ముడూ, ఆ 240 సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. కానీ నా వాదన బ్యాంకు కోసం కాదు. జూలై పద్ధతిలో మీ నాయనమ్మకీ ఖర్చు లేదు, ఖజానాకీ అదనం లేదు. అది చాలు కదా?

సబ్‌సెంటర్ సిస్టర్:
అదనం లేదా గట్టు అన్నా? ఒకటో తారీఖున మా సచివాలయానికి వచ్చి చూడండి. సర్వేయరు, వ్యవసాయ సహాయకుడు, మహిళా పోలీసు, అందరూ పింఛను డబ్బు సంచులతో వీధుల్లోనే. ఆ రోజు పొలం కొలతకి వచ్చిన రైతు తిరిగిపోతాడు. పాత జీతంలోనే కొత్త పని చేయిస్తే ఖర్చు లేనట్టేనా?

ఆరోగ్యశాఖలోనూ ఇదే తంతు. ఆశా వర్కరు గర్భిణి వెంట ఆసుపత్రికి వెళ్తే సేవ, సాయంత్రం రిజిస్టరు రాస్తే నిర్వహణ. మనిషి ఒక్కతే, ఏ గంట ఏ ఖాతాలో రాస్తారు? ఆరోగ్యశ్రీనే తీసుకోండి. 2007లో మూడు జిల్లాల్లో మొదలైంది. ఆసుపత్రిలో బల్ల వేసుక్కూర్చునే ఆరోగ్యమిత్ర జీతం నిర్వహణ ఖర్చే. అతను లేకపోతే కార్డు పట్టుకొచ్చిన ముసలాయన ఏ గుమ్మం ఎక్కాలో తెలియక తిరుగుతాడు. ఆపరేషన్‌కి ముందు అనుమతి ఇచ్చే డాక్టరు జీతమూ అంతే. అవసరం లేకపోయినా గర్భసంచులు తీసేస్తున్నారని మన దగ్గర ఎంత గొడవైందో గుర్తుందిగా? కాగితాలు పరిశీలించేవాడిని తీసేస్తే జీతం మిగులుతుంది, ఆడవాళ్ల ఒళ్లు పోతుంది.

అలాగని నా టైమంతా యాప్‌లకి పోతుంటే దాన్నీ సమర్థించను. ఒకే బాలింత వివరాలు మూడు చోట్ల ఎక్కించాలి. గట్టు అన్న కత్తిరించాలనుకుంటే అక్కడ మొదలుపెట్టొచ్చు.

డల్లాస్ బాబాయ్:
అమెరికా సంగతి ఒక్క ముక్క. ఇక్కడ 2010 ఆరోగ్య బీమా చట్టం ప్రకారం బీమా కంపెనీలు వసూలు చేసిన ప్రీమియంలో 80 శాతం, పెద్ద గ్రూపులకైతే 85 శాతం వైద్యానికి, వైద్య నాణ్యతకు ఖర్చుపెట్టాలి, లేకపోతే తేడా తిరిగివ్వాలి. అంటే 15 నుంచి 20 దాకా ఆఫీసు ఖర్చు, లాభం కింద ఉంచుకోవచ్చు. మీరు 6కే కొట్టుకుంటున్నారు.

పాత గుమాస్తా:
బాబాయ్, మీ దగ్గర లాభం కూడా అందులోనే కలుస్తుంది, పోలిక పూర్తిగా కుదరదు. నాకైతే ఇంకా ఎక్కువ పెట్టాల్సిన ఖర్చు ఒకటుంది, సామాజిక తనిఖీ. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి పనుల మీద చేశారు. గ్రామసభలో మస్టరు (కూలీల హాజరు పట్టీ) చదువుతుంటే "నేనా వారం ఊళ్లోనే లేను, నా పేరున కూలి ఎవరు తీసుకున్నారు?" అని ఒకావిడ లేచి అడగడం నా చెవులతో విన్నాను. ఆ సభ పెట్టడానికైన డబ్బూ నిర్వహణ ఖర్చే. గట్టు గారి కత్తెర ముందు పడేది దాని మీదే, అడిగేవాళ్లుండరు కనుక.

గోదారి గట్టు:
సరే, తనిఖీని ముట్టుకోను, సిస్టర్ గారి మూడు యాప్‌లతో మొదలెడతా. 1,500 కోట్ల మీద మాత్రం నా అనుమానం తీరలేదు. ఇంతకీ తమ్ముడూ, ఈ నెల నాయనమ్మకి వేలిముద్ర పడిందా?

బొబ్బిలి కుర్రోడు:
మూడోసారికి పడింది అన్నా. చింతపండు పిసికిన చెయ్యి, కడుక్కొచ్చి పైటతో తుడుచుకుంటే గానీ మెషిన్ ఒప్పుకోలేదు.