గిఫ్టుల గొడవలో దిగిపోయిన ముఖ్యమంత్రికి కంపెనీ పగ్గాలా? లోటార్ ష్పేట్ విషయంలో మీరేమంటారు?

రమణమూర్తి:
లోటార్ ష్పేట్ 1978 నుంచి పశ్చిమ జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్ర ముఖ్యమంత్రి. సీడీయూ పార్టీ నాయకుడు, రాష్ట్ర రాజధాని స్టుట్‌గార్ట్‌లో తిరుగులేని మనిషి. పారిశ్రామికవేత్తల ఖర్చుతో విహారయాత్రలు చేశారన్న గొడవలో 1991 జనవరిలో రాజీనామా చేశారు. అదే ఏడాది మాజీ తూర్పు జర్మనీలోని యేనాలో యెనాప్టిక్ సంస్థ పగ్గాలు పట్టి, 2003 దాకా నడిపారు. నా దృష్టిలో ఇది తప్పు. కంపెనీల సొమ్ముతో తిరిగారని పదవి పోయిన మనిషికి నెలలు తిరక్కుండానే ప్రజల డబ్బుతో నిలబడ్డ కంపెనీని అప్పగిస్తే ఆ రాజీనామాకు అర్థమేముంది?

సుజాత కె:
రమణమూర్తి గారూ, అప్పుడు యేనా ఎలా ఉందో కూడా చూడాలి కదండీ. 1990 జులైలో తూర్పు జర్మనీలోకి పశ్చిమ జర్మనీ కరెన్సీ మార్కు రాగానే తూర్పు సరుకు ధర ఒక్కసారిగా పెరిగింది. పాత సోవియట్ కొనుగోలుదారుల దగ్గర ఆ డబ్బు లేదు. కటకాలు, మైక్రోస్కోపులు చేసే కార్ల్ జైస్ యేనా కంపెనీకి ఆర్డర్లు ఎండిపోయాయి. పేరున్న ఆప్టిక్స్ వ్యాపారంలో పెద్ద వాటా పశ్చిమ జర్మనీలో ఒబర్‌కోఖెన్‌లో ఉన్న మరో జైస్ కంపెనీకి వెళ్లింది. మిగిలిన భవనాలు, బాకీలు, ఎవరూ అడగని విభాగాలే యెనాప్టిక్ పేరుతో ష్పేట్ చేతికొచ్చాయి. 1994లో స్టుట్‌గార్ట్‌కు చెందిన మైస్నర్ వుర్స్ట్‌ను కొన్నారు. చిప్ ఫ్యాక్టరీలకు క్లీన్‌రూమ్‌లు (దుమ్ము చేరని గదులు) కట్టే కంపెనీ అది. 1998లో యెనాప్టిక్ షేర్లు ఫ్రాంక్‌ఫర్ట్ మార్కెట్‌కి వచ్చాయి. మీరు తప్పుబడుతున్న, పారిశ్రామికవేత్తలతో ఆయనకున్న ఆ పరిచయాలే యేనాకి అన్నం పెట్టాయి.

ఫణి:
నేను యేనాలో చదువుకున్నాను. ఊరి నడిబొడ్డున ఉన్న జైస్ పాత ఫ్యాక్టరీ స్థలంలోనే ఇప్పుడు గోథే గ్యాలరీ మాల్, యూనివర్సిటీ క్యాంపస్ ఉన్నాయి. మాల్‌లో గాజు పైకప్పు కింద నడుస్తుంటే పక్కనే పాత ఫ్యాక్టరీ భవనాలు కనిపిస్తాయి. అక్కడ పనిచేసిన వేలాది మంది ఉద్యోగాలు పోయాయి. సుజాత గారి లెక్కలో వాళ్లు ఎక్కడా లేరు. పైగా ఆ క్లీన్‌రూమ్ వ్యాపారాన్ని ష్పేట్ వెళ్లాక యెనాప్టిక్ అమ్మేసింది. చివరికి కంపెనీని నిలబెట్టింది యేనా వాళ్ల చేతిలో ముందునుంచీ ఉన్న ఆప్టిక్స్ పనే.

సుజాత కె:
ఉద్యోగాలు పోవడం నిజమే ఫణి గారూ, అది చిన్న విషయమని నేననను. కానీ క్లీన్‌రూమ్ ఆదాయం లేకపోతే ఆ ఆప్టిక్స్ విభాగాలు అప్పటిదాకా బతికేవా?

రమణమూర్తి:
బతికించింది ఆదాయం ఒక్కటే కాదు. తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థలను అమ్మే బాధ్యత చూసిన ట్రాయ్‌హాండ్, యేనా ఉన్న తురింగియా రాష్ట్రం కలిసి 300 కోట్ల మార్కులకు పైనే పెట్టాయి. అంత సొమ్ము చేతిలో ఉంటే ఇంకో సమర్థుడూ నిలబెట్టేవాడు. ఇంకొకటి, జైస్ పంపకంలో అవతలి పక్షం ఒబర్‌కోఖెన్. అది ఆయన నిన్నటిదాకా ఏలిన రాష్ట్రంలోదే! 2015లో జర్మనీ కేంద్ర మంత్రులకు చట్టం తెచ్చింది. ప్రయోజనాలు అడ్డం వస్తే పదవి దిగాక ఏడాది, గరిష్ఠంగా ఏడాదిన్నర ప్రైవేటు ఉద్యోగం ఆపొచ్చు. రాష్ట్రాల నాయకులకూ అలాంటిది 1991లోనే ఉండాల్సింది.

సుజాత కె:
ఆ నియమం నాకూ కావాలి. కానీ ష్పేట్ కూర్చున్నది ఒబర్‌కోఖెన్ వైపు కాదు, యేనా వైపు. అది తన పాత రాష్ట్రానికి మేలు చేసే కుర్చీ కాదు. ఆ ఏడాది మొత్తం ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే, ఆ పంపకంలో యేనా తరఫున గట్టిగా మాట్లాడేవాళ్లు ఎవరు? ముందు ఒక్క పేరు చెప్పండి.