తెల్లవారుజామున పరుగుకు ముందు ఏం తినాలి, ఎంత తాగాలి?

వేకువ_అడుగులు (ప్రశ్న):
నాలుగూ ముప్పావుకి లేచి ఐదుంబావుకి పరుగు మొదలుపెట్టాలి. మధ్యలో ఉండేది అరగంటే. మామూలు రోజుల్లో 40 నిమిషాలు నెమ్మదిగా, ఆదివారం గంటన్నర. బరువు 60 కిలోలు. పరగడుపున వెళ్తే ఆదివారం గంట దాటేసరికి కాళ్లలో సత్తువ ఉండట్లేదు. పాలలో ఓట్స్ తిని వెళ్తే డొక్కలో పోటు. అరగంటలో కడుపులో ఇమిడేది ఏముంది? కాఫీ తాగొచ్చా?

కొలతచెంచా:
ఆ రెండు పరుగుల్నీ ఒకే గాట కట్టకండి. రాత్రి నిద్రలో ఖాళీ అయ్యేది ఎక్కువగా కాలేయంలోని గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే చక్కెర). కండరాల్లో దాచుకున్నది చాలావరకు అలాగే ఉంటుంది. అందుకే 40 నిమిషాల తేలిక పరుగుకి ఏమీ తినకపోయినా నష్టం లేదు, ముందురాత్రి భోజనం సరిగ్గా చేసి ఉంటే చాలు. రాత్రి సలాడ్‌తో సరిపెట్టి పొద్దున అరటిపండు మీద భారం వేస్తే అది మోయలేదు.

ఆదివారానికి మాత్రం లేవగానే 25–30 గ్రాముల కార్బోహైడ్రేట్లు వేయండి. మధ్యస్థం సైజు అరటిపండు ఒకటి, లేదా రెండు తెల్ల బ్రెడ్ ముక్కల మీద పల్చగా జామ్, లేదా ఒక బ్రెడ్ ముక్క మీద టేబుల్‌స్పూన్ తేనె. ఏదో ఒకటే, మూడూ కాదు. పండు బాగా మాగినదై ఉండాలి. పచ్చిగా ఉంటే అందులో పిండిపదార్థం ఎక్కువ, అరగడానికి టైమ్ తీసుకుంటుంది.

ఓట్స్ చెడ్డవని కాదు, అరగంట వాటికి చాలదు. అందులోని పీచు నీళ్లు పీల్చి జిగురుగా మారి కడుపులోంచి త్వరగా కిందికి దిగదు. పైన పాల కొవ్వు, ప్రోటీన్ తోడయ్యాయి. పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్లకి మళ్లుతుంది, జీర్ణక్రియకి అందేది తగ్గుతుంది. తిన్నది అక్కడే కుదుపులు తింటూ ఉంటుంది. రెండు గంటల ముందు లేచే ఓపికుంటే ఓట్స్ భేషుగ్గా తినొచ్చు. పీనట్ బటర్, గుడ్లు, నట్స్‌కి కూడా ఇదే లెక్క, అవి పరుగు అయ్యాక.

నీళ్లబాటిల్:
నీళ్ల సంగతి. లేవగానే 200–300 మిల్లీలీటర్లు, గుటకలు గుటకలుగా. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు తాగి ఉంటే పొద్దున లోటు పూడ్చే పని తగ్గుతుంది. బయల్దేరే ముందు ఒక్కసారిగా లీటరు పట్టిస్తే కడుపులో గుడగుడ, దారిలో మూత్రానికి ఆగడం తప్పవు.

కాఫీ తాగొచ్చు. కెఫీన్ రక్తంలో గరిష్ఠానికి చేరడానికి దాదాపు 45–60 నిమిషాలు పడుతుంది. అంటే 4:50కి తాగితే పరుగు మధ్యలో బాగా అందుకుంటుంది. ఒక కప్పు చాలు. ఇంకో సంగతి, కాఫీ పేగుల్ని కూడా నిద్ర లేపుతుంది. అందుకే లేవగానే తాగండి, గుమ్మం దాటే ముందు కాదు. ఆ పనేదో ఇంట్లోనే అయిపోతుంది. పాలు పడని వాళ్లు బ్లాక్ కాఫీ తాగాలి.

చక్కెరలెక్క:
ఒక చిన్న చేర్పు. తీపి తిన్న 30–60 నిమిషాలకి పరుగు మొదలుపెడితే కొందరికి మొదటి పావుగంటలో కళ్లు తిరిగినట్టు ఉంటుంది. ఇన్సులిన్ పెరిగి ఉన్న సమయంలోనే కండరాలు కూడా గ్లూకోజ్ లాగేసుకోవడం వల్ల చక్కెర కాసేపు పడిపోతుంది. అందరికీ అలా జరగదు, జరిగినా చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. మీకు అలా అనిపిస్తే తినడాన్ని బయల్దేరే ముందు 5–10 నిమిషాలకి జరపండి, పది నిమిషాలు వార్మప్ చేయండి.

ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా పడేసే మాత్రలు గానీ వాడేవాళ్లకి ఈ సలహాలు సరిపోవు. వాళ్లు ముందు గ్లూకోజ్ చూసుకోవాలి, 90 mg/dL కంటే తక్కువుంటే తినకుండా కదలకూడదు. డోసు సంగతి డాక్టర్‌తోనే తేల్చుకోవాలి.

వేకువ_అడుగులు:
అరటిపండు, 250 నీళ్లు, కాఫీ. సరే. ఆదివారం మధ్యలో కూడా ఏమైనా తీసుకోవాలా? పరగడుపున పరిగెత్తితే కొవ్వు ఎక్కువ కరుగుతుందంటారు, అది నిజమేనా?

కొలతచెంచా:
మధ్యలో తీసుకోండి, ఆ గంట దాటాక వచ్చే నీరసానికి మందు అదే. అర లీటరు నీళ్లలో 30 గ్రాముల చక్కెర (తలకొట్టిన ఏడు టీస్పూన్లు), టీస్పూన్‌లో ఎనిమిదో వంతు ఉప్పు. 35–40 నిమిషాల దగ్గర మొదలుపెట్టి పదేసి నిమిషాలకి కొన్ని గుటకలు. నీరసం వచ్చాక తాగితే ఆలస్యమైనట్టే. బాగుంది కదా అని చక్కెర రెట్టింపు చేయకండి, చిక్కటి పానీయం కడుపులోంచి నెమ్మదిగా దిగుతుంది, మళ్లీ అదే డొక్కపోటు.

కొవ్వు మాట సగమే నిజం. పరగడుపున పరిగెత్తినప్పుడు ఆ సేపు ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా పెరుగుతుంది. రోజు మొత్తంలో తిన్నదీ ఖర్చయిందీ ఒకటే అయితే ఒంట్లో కొవ్వు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

నీళ్లబాటిల్:
పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి, మూత్రానికి వెళ్లొచ్చాక, తడి బట్టలు తీసేసి. అర కిలో తగ్గితే తాగినది పోను సుమారు అర లీటరు చెమట లోటు. బరువు పెరిగిందా, అవసరానికి మించి తాగుతున్నారన్నమాట. అది మంచిది కాదు, రక్తంలో సోడియం పల్చబడుతుంది. ఇంకొకటి, పోటీ ఏదైనా ఉంటే ఆ రోజు కొత్త తిండి జోలికి పోవద్దు. కనీసం మూడు నాలుగు ఆదివారాలు పడినదే ఆ పొద్దునా తినండి.