ఆడవాళ్ళ మనసులో మాట వినపడే సినిమా: మీకెలా అనిపించింది?

మారతహళ్లి వాసి:
మొన్న శనివారం రాత్రి మా ఆవిడా నేనూ ‘వాట్ విమెన్ వాంట్’ చూశాం. 2000లో నాన్సీ మేయర్స్ తీసిన సినిమా. షికాగోలో యాడ్ ఏజెన్సీలో పనిచేసే మెల్ గిబ్సన్‌కి బాత్‌రూమ్‌లో హెయిర్ డ్రయ్యర్ షాక్ కొడుతుంది. తెల్లారేసరికి ఆడవాళ్ళు మనసులో అనుకునేవన్నీ వినపడతాయి. నాకు తెగ నచ్చింది. మా ఆవిడకి మాత్రం చిరాకేసింది. “బాస్ తలలోని ఐడియా కొట్టేసి తనదని చెప్పుకుంటే, దాన్ని అర్థం చేసుకోవడం అంటారా?” అంది. బెళ్ళందూరు ఆఫీసులో తను ఇలాంటివి చాలానే చూసింది లెండి. మీరేమంటారు?

హెబ్బాళ కోడలు:
మీ ఆవిడ మాటే నాదీనండి. నైకీ యాడ్ ఆలోచన అతని బాస్ హెలెన్ హంట్‌ది, పేరు అతనికి. అది దొంగతనమే. కానీ ఎరిన్ సంగతి చూడండి. ఆఫీసులో ఫైళ్ళు మోసే పిల్ల. తను చచ్చిపోయినా ఎవరికీ పట్టదని లోలోపల కుమిలిపోతుంటుంది. ఒకరోజు ఆఫీసుకి రాదు. జోరు వానలో వెతుక్కుంటూ వెళ్తే మళ్ళీ షాక్ కొట్టి అతని శక్తి పోతుంది. ఇక ఆ పిల్ల ఎదుట మామూలు మనిషిలా నోరు తెరిచి మాట్లాడాలి. నా దృష్టిలో అతను అర్థం చేసుకోవడం మొదలెట్టింది అక్కడే.

మా మామగారు చదివింది ఐదో తరగతి. నేను ఆఫీసు క్యాబ్ దిగి ఇంట్లోకి రాగానే “ఏమ్మా, మొహం వాడిపోయింది, ఎవరేమన్నా అన్నారా?” అంటారు. నేను కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టేదాకా మళ్ళీ మాట్లాడరు. ఆ తర్వాత నేనే అంతా చెప్పేస్తాను.

బీటీఎం కుర్రాడు:
అన్నా, 2019లో దీన్నే తిరగేసి ‘వాట్ మెన్ వాంట్’ తీశారు. తరాజీ పి. హెన్సన్ స్పోర్ట్స్ ఏజెంట్. కష్టపడినా పార్ట్‌నర్‌ని చెయ్యరు. తర్వాత మగాళ్ళ మనసు మాటలు ఆమెకి వినపడతాయి. వదినతో కలిసి అదీ చూడండి, ఆఫీసు రాజకీయం బాగా పట్టారు. అక్కా, మీ మామగారికి నా నమస్కారాలు.

మారతహళ్లి వాసి:
ఎరిన్ సీన్ మళ్ళీ పెట్టుకుని చూశాం. అక్కడ మా ఆవిడ మెత్తబడింది. హెలెన్ హంట్ ఉద్యోగం పోయే దగ్గర మాత్రం అస్సలు ఒప్పుకోలేదు, నేనూ తన పక్షానే ఉన్నాను. చివర్లో అతనే వెళ్ళి ఉన్నదంతా చెప్పేస్తే, ఉద్యోగం తిరిగి దక్కిన ఆమె మొదట అతని ఉద్యోగం పీకేస్తుంది చూడండి, ఆ ముక్క తనకి భలే నచ్చింది.