ఊళ్లో ఇంటికీ షాపుకీ అలారం మానిటరింగ్ పెట్టించుకోవచ్చా?

అంబాజీపేట అబ్బాయి:
నమస్కారమండి. సంక్రాంతి అయ్యాక అమ్మా నాన్నగారూ హైదరాబాద్‌లో మా దగ్గరకి వచ్చేస్తారు, మళ్లీ వేసవి చివరికే వెళ్తారు. అంబాజీపేట దగ్గర ఇల్లు, దాన్ని ఆనుకుని ఎరువుల షాపు. గుమస్తా సాయంత్రం షట్టర్ దించి వెళ్లిపోతాడు. కెమెరాలున్నాయి, ఫోన్లో కనిపిస్తాయి. ఇప్పుడొక కంపెనీ వాళ్లు సెన్సార్లు, సైరన్ పెట్టి, నెలకింత తీసుకుని రాత్రీ పగలూ తామే కనిపెట్టుకుని ఉంటామంటున్నారు. ఆ డబ్బుకి తగ్గ పని జరుగుతుందా? వాడుతున్నవాళ్లు చెప్పండి.

భీమవరం నగల షాపు:
మాకుందండి. సెన్సార్ మోగితే సిగ్నల్ వాళ్ల కంట్రోల్ రూముకి వెళ్తుంది. అక్కడి మనిషి ముందు నాకు ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే మా తమ్ముడికి, ఆ తర్వాత వాచ్‌మన్‌కి. ఎత్తినవాళ్లు పాస్‌వర్డ్ చెప్పాలి, చెప్పలేకపోతే నిజం అలారం కిందే లెక్క. ఇంకో రహస్య మాట కూడా ఇచ్చారు. ఎవడైనా కత్తి పెట్టి మాట్లాడిస్తుంటే అది వాడాలి. అవతలి మనిషి మామూలుగా మాట్లాడుతూనే పోలీసులకి కబురు పంపిస్తాడు. కెమెరా యాప్‌తో ఈ పని అవదు. రాత్రి రెండింటికి నోటిఫికేషన్ టింగుమంటే ఎవరు లేస్తారు చెప్పండి?

అయితే "మా మనుషులే వచ్చేస్తారు" అంటే అక్కడ ఆపి అడగండి. ఎక్కడి నుంచి వస్తారు? పెద్ద సిటీల్లో బండేసుకుని వచ్చే టీములుంటే ఉండొచ్చు. కోనసీమలో మీ ఊరికి ఏ మనిషి, ఎంతసేపట్లో వస్తాడో కాగితం మీద రాయించుకోండి. రాయమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు.

ఆకివీడు రొయ్యల చెరువు:
చెరువుల వాళ్లకి ఇది పాత సంగతే. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. అప్పుడే కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే జనరేటర్ వేసేలోపు పంట పోవచ్చు. అందుకే కరెంటు పోగానే ఫోన్ చేసే సిమ్ డబ్బా స్టార్టర్ దగ్గర బిగించుకుంటాం. ఫోన్ మోగినా, లేచి వెళ్లే మనిషి గట్టు మీద లేకపోతే డబ్బా దండగ.

మీరు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి మీ నంబరు మూడోది రాయించండి. మొదటి రెండూ టార్చిలైటు పట్టుకుని మీ గుమ్మం దాకా నడిచి రాగలిగేవాళ్లవి. ఎదురింటి బాబాయో, పక్కింటి కుర్రాడో. వాళ్లని ముందే అడిగి ఒప్పించుకోండి, ఒక్కరూ లోపలికి వెళ్లొద్దని కూడా చెప్పండి. కంట్రోల్ రూము నంబరు అందరి ఫోన్లలో సేవ్ చేసి, సైలెంట్‌లో ఉన్నా మోగేలా సెట్ చేయించండి. లేకపోతే ఏదో లోన్ కాల్ అనుకుని కట్ చేస్తారు.

రావులపాలెం టెక్నీషియన్:
ఈ పనే చేస్తాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మన దగ్గర ఉత్తుత్తి అలారాలు ఎక్కువ కొట్టించేవి బల్లులు, పురుగులు, సాలీళ్లు. కదలికను పట్టే పీఐఆర్ సెన్సార్ వేడిలో తేడా చూస్తుంది. దాని అద్దం మీద బల్లి పాకితే మనిషి నడిచినట్టే లెక్క. ట్యూబ్‌లైటు పక్కన, కిటికీకి ఎదురుగా పెట్టనివ్వకండి. షాపుకి షట్టర్ మీద, అది ఎత్తగానే పట్టే మాగ్నెట్ సెన్సార్ ముందు, పీఐఆర్ తర్వాత. రోజూ ఊరికే మోగితే వారంలోనే ఊరంతా పట్టించుకోవడం మానేస్తారు. అప్పుడు నిజంగా మోగినా ఎవరూ రారు.

రెండోది, సిగ్నల్ వెళ్లే దారి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, వీధిలో కేబుల్ వాళ్ల డబ్బాకి కరెంటు లేకపోతే నెట్ పోతుంది. అందుకని నెట్‌తో పాటు సిమ్ కూడా ఉన్న ప్యానెలే (సెన్సార్లన్నీ కలిసే, సిగ్నల్ పంపే డబ్బా) తీసుకోండి. పాత 2జీ ప్యానెల్ అంటగడతారు జాగ్రత్త, దాంట్లో జియో సిమ్ పని చేయదు. 4జీది అడగండి. లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్ 200 మిల్లీ యాంపులు లాగితే లెక్కకి 35 గంటలు. పాతబడిన బ్యాటరీ అందులో సగం కూడా ఇవ్వదు.

2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది గుర్తుందా? అలాంటి రోజుల్లో సెల్ టవర్లు కూడా మూగబోతాయి. కాబట్టి అన్నిటికంటే ముందు ఈ ప్రశ్న అడగండి: ప్యానెల్ నుంచి ఏ సిగ్నలూ రాకపోతే ఆ సంగతి మీకు ఎంతసేపట్లో తెలుస్తుంది, ఎవరికి చెప్తారు? మంచి ప్యానెల్ "బతికే ఉన్నాను" అని గడియ గడియకీ కబురు పంపుతుంది. అది రోజుకి ఒక్కసారే పంపితే, వైరు కోసేసిన దొంగకి రాత్రంతా టైముంటుంది.

రాజమండ్రి గట్టు:
డబ్బు కట్టేముందు, తాళం వేసిన ఇళ్లని పోలీసులు కనిపెట్టుకునే ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి మీ స్టేషన్లో కనుక్కోండి. ఊరెళ్లేటప్పుడు అడిగితే ఇంట్లో కెమెరా పెడతారు, లోపల కదలిక వస్తే పోలీస్ కంట్రోల్ రూముకే తెలుస్తుంది. ఉచితం. పల్లెల దాకా ఇస్తారా అన్నది అక్కడే అడగాలి. షాపుకి మాత్రం మీ ఏర్పాటు మీకుండాల్సిందే.

భీమవరం నగల షాపు:
ఇంకోటి మర్చిపోకండి. సామాను ఎవరిది? మూడేళ్ల ఒప్పందం రాయించుకుని, మధ్యలో మానేస్తే ప్యానెల్ లాక్ చేసేవాళ్లున్నారు. ఇన్‌స్టాలర్ కోడ్ (ప్యానెల్ సెట్టింగులు మార్చే నంబరు) ఇస్తారో లేదో ముందే తేల్చుకోండి. షాపుకి దొంగతనం ఇన్సూరెన్స్ ఉంటే అలారం గురించి పాలసీలో ఏం రాసి ఉందో చదవండి. అలారం ఉందని రాసిచ్చి దాన్ని ఆన్ చేయకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

అంబాజీపేట అబ్బాయి:
అందరికీ ధన్యవాదాలండి. కంపెనీ అబ్బాయిని పిలిచి, డబ్బు ఇవ్వకముందే మెయిన్ ఆఫ్ చేయించి, నెట్ వైరు పీకించి, షట్టర్ ఎత్తించాను. ఎదురింటి బాబాయ్‌కి ఫోన్ వచ్చింది, పాస్‌వర్డ్ కూడా అడిగారు. ఒప్పందం ఏడాదికే ఒప్పుకున్నారు. సామాను మాదే, కోడ్ ఇస్తామని రాసిచ్చారు. సిగ్నల్ ఆగిపోతే చెప్పే సంగతి మాత్రం ఇంకా తేల్చలేదు. అది కాగితం మీదకి వచ్చాకే సంతకం పెడతాను.

రావులపాలెం టెక్నీషియన్:
బాగా చేశారండి. సిమ్ మీ పేరు మీదే తీయించండి, రీచార్జ్ కూడా మీ చేతిలోనే పెట్టుకోండి.