పాఠ్యపుస్తకాల మూల ఫైళ్లు ఒకచోట పెట్టాలా? పెడితే తాళం వేయాలా?

లెక్కల మాస్టారు

మా బడిలో పదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయికి పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు (ఫోనులో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ) వాడటంలో మాకంటే చురుకు. భౌతికశాస్త్రం పుస్తకం పీడీఎఫ్ ఉచితంగానే దొరుకుతోంది కదా, ఇంకేం ఇబ్బంది అని అందరూ అడుగుతారు. ఆ పీడీఎఫ్‌ను చదివిస్తే వినిపించేది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా వినిపిస్తాయి. పుస్తకాన్ని కూర్చింది ఏ యంత్రమైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లో కాదు, అను ఫాంట్లలో. కంటికి అది తెలుగే, యంత్రానికి కాదు.

సరేనని ముద్రిత పుస్తకాన్ని స్కాన్ చేయించి, బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలు రాబట్టాం. వాక్యాలు చాలావరకు బాగానే వచ్చాయి. కానీ కాంతి వేగం దగ్గర 3×10⁸ కాస్తా 3×108 అయింది. చూపున్న పిల్లలు పేజీ చూసి సరిదిద్దుకుంటారు. ఈ అబ్బాయికి వినిపించింది “మూడు ఇంటూ నూట ఎనిమిది”. అదే కంఠతా పట్టాడు.

అమెరికాలో దీనికి ఒక మార్గం వేశారు. 2004లో ప్రత్యేక విద్యా చట్టాన్ని సవరించినప్పుడు, పాఠ్యపుస్తకాల మూల ఫైళ్లకు నైమాక్ అనే జాతీయ భండారం ఏర్పాటు చేశారు. అది కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో, అంధుల కోసం పుస్తకాలు ముద్రించే పాత సంస్థ ఆధ్వర్యంలో 2006 డిసెంబరు నుంచి నడుస్తోంది. ప్రచురణకర్తలు ఒకే పద్ధతిలో తయారుచేసిన ఎక్స్ఎంఎల్ ఫైళ్లను అక్కడ జమ చేస్తారు. వాటి నుంచి బ్రెయిలీ, పెద్ద అక్షరాల పుస్తకం, వినే పుస్తకం తయారవుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటిది తప్పనిసరి చేయాలన్నది నా వాదన. మీరేమంటారు?

చుక్కల అక్షరం

మాస్టారూ, నేను బ్రెయిలీ పుస్తకాలు తయారుచేసే చోట పనిచేస్తాను. మీతో సగం వరకే ఏకీభవిస్తాను. మంచి యూనికోడ్ ఫైలు చేతికొస్తే, లిబ్‌లూయీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు వాక్యాన్ని భారతి బ్రెయిలీలోకి, అంటే భారతీయ భాషల బ్రెయిలీలోకి, క్షణాల్లో మార్చేస్తుంది. మాకు టైపింగ్ బాధ తప్పుతుంది. అది చిన్న మేలేమీ కాదు.

కానీ అసలు శ్రమ అక్కడ లేదు. గణితానికి నెమెత్ సంకేతాలు తెలిసిన మనిషి కావాలి. కుంభాకార కటకం మీద పడిన కిరణాలు నాభి దగ్గర కలిసే బొమ్మను తీసుకోండి. దాన్ని వేలితో తడిమి గ్రహించేలా ఉబ్బెత్తు గీతల్లో మళ్లీ గీయాలి. ప్రధానాక్షానికి ఒక రకం గీత, కిరణాలకు ఇంకో రకం. పేర్లన్నీ అందులోనే రాస్తే వేలికి గీత ఏదో అక్షరం ఏదో తెలియదు కాబట్టి కొన్నింటిని పక్క పేజీలోకి మార్చాలి. ఇవేవీ ఏ ఫైలూ చేసిపెట్టదు. ఉన్న డబ్బును భండారం మీద కుమ్మరించి, ఈ పని తెలిసిన మనుషులను పెట్టకపోతే ఫైళ్లు అక్కడే పడి ఉంటాయి. ముందు మనుషులు, తర్వాతే భండారం.

డాలస్ టీచరమ్మ

నేను ఇక్కడ ప్రత్యేక విద్యా విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి నైమాక్ గురించి తెలిసింది చెబుతాను. ఆ ఫైలును పిల్లవాడికి నేరుగా ఇవ్వరు, ఇచ్చినా పనికిరాదు. అది ముడిసరుకు. రాష్ట్రం నియమించిన అధీకృత వ్యక్తులు దాన్ని తీసుకుని బ్రెయిలీ తయారీదారులకో బుక్‌షేర్ వంటి గ్రంథాలయాలకో అప్పగిస్తారు. చాలా ఫైళ్లలో బొమ్మల వివరణ ఉండదు. ఈ విషయంలో చుక్కల అక్షరం గారి మాటే సరైనది.

ఇంకో చిక్కు ఉంది. ఆ చట్టం కింద ప్రత్యేక విద్య పొందుతున్నట్టు నమోదైన విద్యార్థులకే నైమాక్ ఫైళ్ల నుంచి చేసిన పుస్తకాలు ఇవ్వాలి. వైకల్యం ఉండి కూడా వేరే చట్టం కింద మాత్రమే సదుపాయాలు పొందుతున్న పిల్లలకు అవి ఇవ్వకూడదు. వాళ్లకు వేరే దారి వెతకాలి. ఒకే తరగతి గదిలో ఇద్దరు పిల్లల మధ్య ఈ తేడా చూపించాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అయినా భండారం వద్దని మాత్రం అనను. అది లేని రోజుల్లో పుస్తకాల వెన్ను కోసి పేజీలు విడదీసి స్కాన్ చేసేవారు. బ్రెయిలీ పుస్తకం వచ్చేసరికి సగం సంవత్సరం గడిచిపోయేది.

పుస్తకాల వ్యాపారి

మన దేశంలో 2016 నుంచే సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వైకల్యం ఉన్నవారి కోసం పుస్తకాన్ని అనువైన రూపంలోకి మార్చుకునే హక్కు ఇచ్చారు. చూపులేనివారికి అనువైన పుస్తకాల కోసం కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో మొదట ఆమోదించిన దేశం మనదే. ఇన్ని ఉండగా కొత్త భండారం ఎందుకు? మూల ఫైలు బయటికి వస్తే గైడ్లు అచ్చువేసేవాళ్లకు పండగే. పైగా ఓసీఆర్ రోజురోజుకూ మెరుగవుతోంది. కృత్రిమ మేధ వచ్చాక మీ 3×108 సమస్య దానంతట అదే పోతుంది.

న్యాయశాస్త్ర విద్యార్థిని

అయ్యా, నాకు చూపు లేదు. మీ మాటల్లో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. చట్టం నాకు మార్చుకునే హక్కు ఇచ్చింది నిజమే. కానీ మార్చడానికి కావలసిన ఫైలును ఇవ్వాలని ప్రచురణకర్తకు ఆ సవరణ చెప్పలేదు. అందుకే ఒకే పుస్తకాన్ని హైదరాబాదులో ఒకరు, విశాఖలో ఇంకొకరు స్కాన్ చేసి మళ్లీ మళ్లీ దిద్దుకుంటున్నారు. సుగమ్య పుస్తకాలయ తయారైన పుస్తకాలను పంచుకునే చోటు. మాస్టారు అడుగుతున్నది తయారీకి కావలసిన మూలం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, నిర్దేశిత స్థాయిలో వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేవరకు పుస్తకాలు ఉచితంగా ఇవ్వాలంటోంది. చదవలేని పుస్తకం ఇస్తే ఇచ్చినట్టా?

కృత్రిమ మేధ గురించి ఒక మాట. ఓసీఆర్ తడబడితే తప్పు తప్పులాగే వినిపించేది. కొత్త యంత్రాలు తెలియనిచోట పొందికైన వాక్యం అల్లేస్తాయి. ఆ తప్పును వినేవాడు పట్టుకోలేడు.

తాళం విషయంలో మాత్రం నేను అమెరికా పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. ప్రభుత్వ పుస్తకం పీడీఎఫ్‌ను చూపున్న ఎవరైనా ఏ ధ్రువపత్రమూ లేకుండా దించుకుంటున్నారు. అదే పుస్తకం నేను చదవగలిగే రూపంలో రావాలంటే మాత్రం దరఖాస్తు, ధ్రువపత్రం, అధీకృత వ్యక్తి సంతకం కావాలా? గైడ్లు వేసేవాళ్లు ముద్రిత పుస్తకం చూసి టైపు చేయించుకోగలరు. వాళ్ల పేరు చెప్పి మా దారి మూయకండి. చదవడంలో ఇబ్బంది (డిస్లెక్సియా) ఉన్న పిల్లల్లో చాలామందికి మన దగ్గర నిర్ధారణ పరీక్షే జరగదు. వాళ్లు ధ్రువపత్రం ఎక్కడి నుంచి తెస్తారు?

పుస్తకాల వ్యాపారి

మీ ఆవేదన అర్థమైందమ్మా. కానీ తెలుగు వాచకంలో ఆధునిక కవుల కవితలు, కథలు ఉంటాయి. వాటి హక్కులు రచయితలవి. అనుమతి ఇచ్చింది పాఠ్యపుస్తకంలో అచ్చు కోసం. ఎవరైనా ఎలాగైనా వాడుకునేలా ఫైలు పెడితే వాళ్లకేం చెబుతారు?

న్యాయశాస్త్ర విద్యార్థిని

భాషా వాచకాల విషయంలో ఆ మాట కాదనను. వాటికి నమోదు పద్ధతి పెట్టండి. గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం రాయించింది ప్రభుత్వం, హక్కులూ దానివే. వాటికి తాళం ఎందుకు?

డీటీపీ పనివాడు, విజయవాడ

పాతికేళ్లుగా పేజీలు కూర్చుతున్నాను. ఇక్కడ ఎవరూ అనని విషయం ఒకటి ఉంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి. అయితే అను ఫాంటులో తలకట్టు, కొమ్ము, వత్తు విడివిడి ముక్కలు. ఒక్కో ముక్క ఏదో ఒక ఇంగ్లిష్ అక్షరమో గుర్తో ఉండే చోట కూర్చుని ఉంటుంది. భౌతికశాస్త్రం పుస్తకంలో తెలుగు వాక్యం మధ్యలో నిజమైన ఇంగ్లిష్ అక్షరాలూ వస్తాయి, v, u, f లాంటివి. పీడీఎఫ్ నుంచి అక్షరాలు మాత్రమే తీసి మారిస్తే, సాధనం ఆ v ని కూడా ఏదో తెలుగు ముక్క అనుకుంటుంది. కటక సూత్రం మొత్తం చెడిపోతుంది. మేం పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైలులో అయితే ఏ అక్షరం ఏ ఫాంటులో ఉందో, ఏది పైకెత్తిన అంకో స్పష్టంగా ఉంటుంది. తెలుగును మాత్రమే మార్చి మిగతాది ముట్టుకోకుండా వదిలేయవచ్చు. మాస్టారి 10⁸ కూడా నిలుస్తుంది. మూల ఫైలు విలువ అదీ.

ఇంకొకటి. ఆఖరి దిద్దుబాట్లు చాలాసార్లు ముద్రణాలయంలోనే జరుగుతాయి. కాబట్టి మా దగ్గరున్న ఫైలు కాదు, అచ్చుకు వెళ్లిన ఫైలు తీసుకోండి. లేకపోతే బ్రెయిలీ పుస్తకంలో ఒక లెక్క, తరగతి పుస్తకంలో ఇంకో లెక్క ఉంటాయి. ఎదురెదురు పేజీల్లో ఇంగ్లిష్, తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలకు రెండు భాషలనూ వేరు చేసి అడగండి. కలిపి ఇస్తే పాఠం పేజీ పేజీకీ భాష మారుతూ వినిపిస్తుంది.

లెక్కల మాస్టారు

డాలస్ మేడం గారు చెప్పిన దానికి తోడు ఒకటి గమనించాను. అమెరికా చట్టం ప్రచురణకర్త మెడ నేరుగా వంచదు. పుస్తకాలు కొనే రాష్ట్రాలు, జిల్లాలు తమ కొనుగోలు ఒప్పందంలో నైమాక్‌కు ఫైలు పంపాలని షరతు రాస్తాయి. ఆ షరతు రాయకపోతే ఫైలు రాదు. మన దగ్గర రాయించేది, అచ్చువేయించేది, పంచేది అంతా ప్రభుత్వమే. కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు, పని ఉత్తర్వులో నాలుగు వాక్యాలు చాలు. విద్యాశాఖకు పంపాలని ఇలా రాశాను:

అచ్చుకు వెళ్లిన ఆఖరి ఫైలునే ఇవ్వాలి. తెలుగు యూనికోడ్‌లో ఉండాలి, సూత్రాలు బొమ్మలుగా కాకుండా అక్షరాలుగా ఉండాలి. ద్విభాషా పుస్తకమైతే రెండు భాషలకూ వేర్వేరు ఫైళ్లు ఇవ్వాలి. ఇవి అందాకే చివరి బిల్లు చెల్లించాలి.

చుక్కల అక్షరం

అయిదో వాక్యం చేర్చండి మాస్టారూ. బొమ్మ గీసిన చిత్రకారుడి ఫైలు కూడా, గీతలు విడదీయగలిగే రూపంలో ఇవ్వాలి. అది చేతిలో ఉంటే ఉబ్బెత్తు బొమ్మను మొదటి నుంచి గీయక్కర్లేదు. మనుషుల నియామకం గురించి వేరే అర్జీ నేను రాస్తాను. రెండూ ఒకేసారి వెళ్లాలి.

న్యాయశాస్త్ర విద్యార్థిని

రెండింటి మీదా సంతకం చేస్తాను. ఎవరు దించుకోవచ్చో మీ అర్జీలో లేదు మాస్టారూ. గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం అందరికీ తెరిచి ఉంచాలని రాయండి. రాయకపోతే ఆ ఖాళీని నింపేది కార్యాలయమే, అక్కడ ధ్రువపత్రమే అడుగుతారు.