జీతాల పరిమితి పేరుతో బేస్‌బాల్ ఆటగాడు మూకీ బెట్స్‌ను వదులుకోవడం సబబేనా?

అమలాపురం మాస్టారు:
మా అబ్బాయి బోస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడికి వెళ్లి ఆరు నెలలు ఉన్నప్పుడు బేస్‌బాల్ అలవాటై, కోనసీమకు తిరిగి వచ్చాక కూడా తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ ఆటలు చూస్తున్నాను. ఒక్క విషయం మాత్రం నాకు ఈనాటికీ మింగుడుపడటం లేదు. 2018లో ఆ జట్టు బేస్‌బాల్ అంతిమ పోటీ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. అదే ఏడాది, అక్కడి రెండు ప్రధాన లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైన మూకీ బెట్స్‌ను 2020 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌కు ఇచ్చివేశారు. ఆ ఏడాది డాడ్జర్స్ విజేతలయ్యారు, బోస్టన్ తన విభాగంలో అట్టడుగున నిలిచింది. పాలిచ్చే గేదెను ఇచ్చి దున్నపోతును తెచ్చుకోవడం కాదా ఇది? జీతాల పరిమితి నిజంగా అంత కఠినమైనదా, లేక యాజమాన్యం దానిని సాకు చేసుకుందా? తెలిసినవారు వివరించగలరు.

భీమవరం వాసి:
మాస్టారూ, బేస్‌బాల్‌లో దాటరాని పరిమితి లేదండి. ఒక గీత ఉంటుంది, దానికి పైన ఖర్చు చేసిన మేరకు లీగ్ పన్ను వసూలు చేస్తుంది. 2020లో ఆ గీత 20.8 కోట్ల డాలర్లు. మొదటిసారి దాటినవారు అదనపు మొత్తంపై 20 శాతం, వరుసగా రెండో ఏడు 30 శాతం, మూడో ఏడు 50 శాతం కట్టాలి. ఒక్క ఏడాది గీత లోపలికి వస్తే చాలు, లెక్క మళ్లీ 20 నుంచి మొదలవుతుంది. 2018, 2019 రెండేళ్లూ దాటిన బోస్టన్ ఆ 50 శాతాన్ని తప్పించుకోవాలనుకుంది. అందుకే బెట్స్‌తో పాటు బంతి విసిరే ఆటగాడు డేవిడ్ ప్రైస్‌ను కూడా పంపి, ప్రైస్‌కు రావలసిన జీతంలో సగం తానే భరించడానికి ఒప్పుకుంది. కానీ 2019కి ఆ జట్టు కట్టిన పన్ను సుమారు 1.34 కోట్ల డాలర్లే. నీటితీరువా భారమైందని సార్వా సాగు మానుకున్న రైతును మన డెల్టాలో నేను చూడలేదు.

నరసాపురం నుంచి:
పై లెక్క సరైనదే గాని, ఒప్పందం సంగతిని విడిచిపెట్టారు. బెట్స్ ఒప్పందం 2020 సీజన్‌తో ముగియవలసి ఉంది. బోస్టన్ ప్రతిపాదించిన దీర్ఘకాల ఒప్పందాలకు అతను అంగీకరించలేదు. ఆ ఏడాది చివరిదాకా ఉంచుకుంటే, వెళ్లిపోయేటప్పుడు జట్టు చేతికి చెప్పుకోదగినదేమీ మిగలదనే భయం యాజమాన్యానికి ఉండటం సహజం. ఒక్క ఆటగాడిపైనే భారం వేయడం ఎంత ప్రమాదమో మనకు తెలియనిది కాదు. 2023 ప్రో కబడ్డీ వేలంలో జట్టుకు మొత్తం 5 కోట్ల రూపాయలే ఉండగా, తెలుగు టైటాన్స్ వారు పవన్ సెహ్రావత్ ఒక్కడికే 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టారు. పవన్ బాగానే ఆడాడు, కానీ జట్టు 22 ఆటల్లో రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది.

భీమవరం వాసి:
ఆ పోలికను నేను అంగీకరించలేనండి. కబడ్డీలో 5 కోట్లు దాటితే ఒక్క రూపాయి కూడా పెట్టడానికి వీల్లేదు, అది గోడ. బేస్‌బాల్‌లో ఉన్నది సుంకం మాత్రమే, కట్టగలిగినవారు దాటి వెళ్లవచ్చు. బోస్టన్ కట్టగలిగిన జట్టు. బోస్టన్ ప్రతిపాదనలకు బెట్స్ అంగీకరించలేదని అన్నారు గాని, వెళ్లిన ఐదు నెలలకే, 2020 జులైలో, డాడ్జర్స్‌తో 12 ఏళ్లకు 36.5 కోట్ల డాలర్ల పొడిగింపుపై సంతకం చేశాడు. తరువాత 2023 డిసెంబరులో అదే డాడ్జర్స్ షోహెయ్ ఓటానితో 10 ఏళ్లకు 70 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుని, అందులో 68 కోట్లను 2034 నుంచి చెల్లించేలా వాయిదా వేశారు. దానివల్ల పన్ను లెక్కలో అతని ఏడాది జీతం 7 కోట్లకు బదులు సుమారు 4.6 కోట్లుగానే పడుతుంది. ఆటగాడిని నిలుపుకోవాలన్న పట్టుదల ఉన్నచోట దారి దొరికింది.

అమలాపురం మాస్టారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒప్పందం ముగియవచ్చిన ఆటగాడి విషయంలో నరసాపురం వారు చెప్పిన భయాన్ని కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ మరో బోస్టన్ ఆటగాడు రఫేల్ డెవర్స్ విషయంలో ఆ మాట కూడా చెల్లదు. 2023 జనవరిలో అతనితో 31 కోట్ల డాలర్లకు పైబడిన పదేళ్ల ఒప్పందం చేసుకున్నారు, అది 2033 వరకు సాగుతుంది. ఆడే స్థానం విషయంలో పొసగక 2025 జూన్‌లో అతన్నీ శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకు పంపించారు. ఆ వార్త విన్న ఉదయం నేను టీవీ పెట్టలేదు.